పొయ్యికి ఏ రంగు? ముందు ఆ పెచ్చును తిప్పి చూడండి

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం నుంచి ఒక పాఠకురాలు పంపిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు.

ఆమెకు ముప్పై రెండేళ్లు, ఇప్పుడు అయిదో నెల. నిరుడు వేసవిలో దంపతులిద్దరూ కలిసి ఒక పాత ఇల్లు కొనుక్కున్నారు. ఇంటిని వేడి చేయడానికి ఆయిల్ ఫర్నేసు ఉంది. హాలులో మాత్రం పోత ఇనుముతో చేసిన పాత కట్టెల పొయ్యి ఉంది. దాని వెనక పలక మీద ర్యాండాల్ఫ్, వెర్మాంట్ అని పోతలోనే అక్షరాలు ఉన్నాయట. ఇల్లు అమ్మిన పెద్దావిడ తాళాలు చేతిలో పెడుతూ, "1998 జనవరిలో గడ్డకట్టే వాన కురిసి కరెంటు పోయినప్పుడు మా ఇంటిల్లిపాదినీ కాపాడింది ఇదే. బాగా చూసుకోండి" అన్నారట.

డిసెంబరు మొదటి వారంలో ఆమె అత్తగారు తెనాలి నుంచి పురుడు పోయడానికి వస్తున్నారు. తల్లి వచ్చేసరికి పొయ్యి కొత్తదానిలా ఉండాలని భర్త అనుకున్నారు. భార్య రెండు రోజులు స్నేహితురాలి ఇంటికి వెళ్లినప్పుడు, ఆమెకూ చెప్పకుండా, తీగల బ్రష్షుతో పొయ్యిని పైపైన రుద్ది, ముందువైపు పెద్ద అక్షరాలతో ఎక్కువ వేడికి తట్టుకుంటుందని రాసి ఉన్న నల్లరంగు స్ప్రే డబ్బాలు రెండు కొట్టారు. ఆమె తిరిగి వచ్చిన రోజు పొయ్యి నిగనిగలాడుతూ ఉంది. ఆ సాయంత్రమే మొదటి మంట వేశారు. అరగంటకు పైపలక నుంచి నీలిపొగ లేచింది. ఇల్లంతా ప్లాస్టిక్ కాలిన వాసన. పొగ అలారం మోగింది. ఆమె శాలువా కప్పుకుని చలిలో వరండాలోకి పరిగెత్తారు. మూడో రోజుకి రంగు ఉడికించిన టమాటా తొక్కలా లేచిపోవడం మొదలైంది. డబ్బా వెనక చూస్తే సన్నని అక్షరాల్లో 500 డిగ్రీలు అని ఉంది.

ఇప్పుడు భర్త ఈసారి 2000 డిగ్రీల డబ్బా తెచ్చి దాని మీదే కొడదామంటున్నారు. పక్కింటి పెద్దాయన రంగే వద్దు, పాలిష్ రుద్దితే చాలంటున్నారు. ఆమెకేమో ఆ పొయ్యిని ఇంట్లో నుంచి పంపించేయాలని ఉంది. కోపంలో "అద్దె ఇంట్లోనే ఉండాల్సింది" అనేశారట. ఆ రోజు నుంచి ఆయన పొయ్యి వైపు చూడటమే మానేశారు. "ఏ రంగు కొనాలి? ఆ పొగ వల్ల బిడ్డకు ఏమైనా అయి ఉంటుందా? ఆయనకు ఎలా చెప్పాలి?" అని మూడు ప్రశ్నలు అడిగి, ఊడిన రంగు పెచ్చు ఒకటి ఉత్తరం అడుగున టేపుతో అంటించి పంపారు.

---

అమ్మా,

ముందు బిడ్డ సంగతి. దీనికి జవాబు చెప్పవలసింది మీ డాక్టరు, నేను కాదు. ఈ ఉత్తరం చేరిన రోజే ఫోను చేయండి. ఖాళీ డబ్బాను పారేయకండి, దాని మీద ఉన్న పేరూ వివరాలూ ఉన్నవి ఉన్నట్టు చదివి వినిపించండి. పొగలో ఎంతసేపు ఉన్నారో, తర్వాత తలనొప్పి, వికారం లాంటివి వచ్చాయో లేదో చెప్పండి. తర్వాతి పరీక్ష దాకా ఆ భయాన్ని మోస్తూ కూర్చోవద్దు. మీ ఉత్తరంలో పొగ అలారం మాట ఉంది గాని, కార్బన్ మోనాక్సైడ్ అలారం మాట లేదు. ఆ రెండూ వేరు. రెండోది ఇంట్లో లేకపోతే రంగు కొనకముందే అది కొనండి. అది మంటలో పుట్టే విషవాయువు, దానికి వాసన ఉండదు.

ఇక మీరు పంపిన పెచ్చు. దాన్ని నిన్న రాత్రి దీపం కింద పెట్టి చూశాను. పైవైపు మామూలు నలుపు. గోటితో లేపి తిప్పితే వెనకవైపు వెండిలా మెరిసింది. ఆ వైపును తెల్లకాగితం మీద గీస్తే పెన్సిలు గీత పడింది. అది గ్రాఫైటు. పెన్సిలు ములుకులో ఉండేది అదే, తాళంకప్ప జారుగా తిరగడానికి వేసే పొడీ అదే. పాతకాలపు పొయ్యి పాలిష్ ముద్దల్లో ఉండేదీ అదే. ఆ పెద్దావిడ పొయ్యిని బాగా చూసుకున్నారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. చలికాలం ముందు గుడ్డతో పాలిష్ రుద్ది రుద్ది మెరిపించి ఉంటారు. ఆ పాలిష్ పోత ఇనుము గరుకులోని ప్రతి గుంటలోకీ దిగి కూర్చుంది. మీవారు పైపైన బ్రష్షు పెట్టినప్పుడు తుప్పు రాలింది గాని పాలిష్ రాలేదు. రంగు ఆ పాలిష్‌ను పట్టుకుంది, పాలిష్‌కు దేన్నీ పట్టుకునే గుణం లేదు. కాబట్టి మీ పొయ్యి మీద ఊడింది రంగు కాదు, రంగు కింద ఉన్న పొర.

ఇది ఒక తప్పు. డబ్బా రెండో తప్పు. అమెరికాలో ఈ అంకెలన్నీ ఫారన్‌హీటులో ఉంటాయి. 500 అంటే మన లెక్కలో 260 డిగ్రీలు. అటువంటి రంగులు సాధారణంగా మోటారు ఇంజన్ల కోసం చేస్తారు. కట్టెల పొయ్యి పైపలక మామూలుగా కాలుతున్నప్పుడే 400 నుంచి 600 డిగ్రీల దాకా వెళుతుంది. అంటే ఆ రంగు మొదటి రోజే తన హద్దు దాటింది. నీలిపొగ దానిదే.

ఇప్పుడు మీవారు అంటున్న 2000 డిగ్రీల డబ్బా. 500 చాలలేదు కాబట్టి నాలుగింతలు ఉన్నది కొంటే ఇక భయం ఉండదని ఆయన ఆలోచన. నాకు అర్థమైంది. కానీ ఆ రకం రంగులు వాహనాల పొగగొట్టాల కోసం చేసినవి. వాటిలో చాలావాటికి వేరే ప్రైమరూ, కాల్చి గట్టిపరిచే వేరే క్రమమూ ఉంటాయి. మీ పొయ్యికి ఆ అంకెతో పని లేదు. చీకట్లో ఇనుము మసక ఎరుపుగా కనబడటం దాదాపు 1000 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. పొయ్యి అక్కడికి చేరిందంటే గాలి తలుపు మూసేయాలి, ఆ తర్వాత చూసుకోవలసింది పగుళ్లను గాని రంగును కాదు. అందుకే పొయ్యిల కోసం అమ్మే రంగుల మీద దాదాపు ఎప్పుడూ 1200 అనే ఉంటుంది, అంటే సుమారు 650 సెల్సియస్. మీకు కావలసింది అదే. సిలికోన్ రెజిన్‌తో చేసినది, పొయ్యిల కోసమే అని రాసి ఉన్నది, మెరుపు లేని నలుపు. ఆరెగాన్‌లోని యూజీన్‌లో తయారయ్యే స్టోవ్ బ్రైట్ ఇటువంటిదే. మరికొన్ని కంపెనీలవీ ఉన్నాయి. ఏది కొన్నా మొదటి పూతా రెండో పూతా ఒక్క కంపెనీవే ఉండాలి. శుభ్రమైన ఇనుము మీద వీటికి సాధారణంగా ప్రైమరు అక్కర్లేదు. మామూలు ప్రైమరు వేశారో, అదే ముందు కాలిపోయి పైపూతను కూడా తీసుకుపోతుంది.

వెండిరంగు బాగుంటుందని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. అల్యూమినియం పొడి కలిసిన రంగు నల్లరంగు పంచినంత వేడిని గదిలోకి పంచదు.

ఇంత చెప్పిన తర్వాత మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. సరైన రంగు వేసినా మొదటి మంటల్లో పొగ వస్తుంది, వాసనా వస్తుంది. అది రంగు చెడిపోవడం కాదు, రంగు తయారవడం. మామూలు రంగులను పట్టి ఉంచే జిగురు కర్బనపు గొలుసు, ఎక్కువ వేడికి అది తెగిపోతుంది. సిలికోన్ రెజిన్‌లో సిలికాన్, ఆక్సిజన్ పెనవేసుకున్న గొలుసు ఉంటుంది, అది నిలుస్తుంది. దాదాపు 450 డిగ్రీలు దాటేటప్పుడు ఆ గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడతాయి. దానిలోని మిగతా సరుకు పొగై పోతుంది. అంతవరకు ఆ రంగు ఆరినట్టు కనిపిస్తుందే గాని గోరు తగిలితే గీత పడుతుంది. మొదటి మంటలో అది కాస్త మెత్తబడుతుంది కూడా. అప్పుడు దాని మీద కెటిలు పెట్టకూడదు, చేత్తో తాకకూడదు.

అందుకని డబ్బా మీద ఇచ్చిన క్రమంలోనే కాల్చాలి. చాలావాటికి అది ఇంచుమించు ఇలా ఉంటుంది: పూత వేసిన మర్నాడు చిన్న మంట, పైపలక 250 డిగ్రీలకు చేరాక ఇరవై నిమిషాలు, తర్వాత పూర్తిగా చల్లారనివ్వడం. రెండో మంట 450 దాకా. మూడోది 500 నుంచి 600 మధ్య ముప్పావుగంట. అయస్కాంతంతో అతుక్కునే పొయ్యి థర్మామీటరు ఒకటి కొనమనండి. అంచనా మీద చేసే పని కాదిది.

ఆ మూడు మంటలప్పుడూ మీరు ఇంట్లో ఉండకూడదు. కాబట్టి ఏ రంగు అన్నదానికన్నా, ఎప్పుడు, ఎక్కడ కాల్చాలన్నదే మీ ఇంట్లో పెద్ద ప్రశ్న. దారులు నాలుగైదు ఉన్నాయి.

ఏ దారిలో వెళ్లినా ముందు ఇప్పుడున్న రంగు పూర్తిగా దిగాలి. సగం ఊడిన ఆ 500 డిగ్రీల రంగును అలాగే ఉంచి మంట వేస్తే ప్రతి పెద్ద మంటకూ పొగ వస్తూనే ఉంటుంది. దాని మీద కొత్త రంగు కొడితే పైన పటారం, లోన లొటారం. రంగుతో పాటు కింది గ్రాఫైటూ దిగాలి. తలుపులు, పైపలక లాంటి విడివడే భాగాలను ఇసుక జోరుగా చిమ్మి శుభ్రం చేసే వర్క్‌షాపుకి తీసుకువెళితే అంతకన్నా శుభ్రంగా చేతులతో రాదు. మిగిలిన ఒంటిని తీగల బ్రష్షుతోనూ గరుకు కాగితంతోనూ లోహం బయటపడేదాకా రుద్ది, ఎసిటోన్ అనే ద్రావకంలో ముంచిన తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డ నల్లబడితే ఇంకా ఉందన్నమాట, మళ్లీ తుడవాలి. గుడ్డ తెల్లగా వచ్చినప్పుడే ఆపాలి. పది గుడ్డలు పడతాయి, పట్టనివ్వండి. ఈ పని జరుగుతున్నప్పుడు కూడా మీరు ఆ ఇంట్లో ఉండకూడదు. నీళ్లతో కడిగి వదిలేస్తే నిమిషాల్లో తుప్పు పూత పడుతుంది, కాబట్టి వెంటనే ఆరబెట్టాలి.

రుద్దే ముందు రెండు పరీక్షలు తప్పనిసరి. పాత పొయ్యిల తలుపు అంచుల్లో ఉండే తాడులో ఆస్బెస్టాస్, అంటే పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నారలాంటి ఖనిజం, ఉండే అవకాశం ఉంది. బూడిదరంగులో, ముట్టుకుంటే పొడి రాలే పాత తాడు కనిపిస్తే దాన్ని బ్రష్షుతో గాని వాక్యూమ్‌తో గాని కదపకూడదు, తెలిసినవాళ్లతో తీయించాలి. అడుగున ఇంకా పాతరంగు ఏదైనా ఉంటే సీసం ఉందేమో కిట్‌తో చూడాలి. సీసం పొడి గర్భిణికి, పుట్టబోయే బిడ్డకు చేసే చెరుపు రంగు వాసన కన్నా ఎక్కువ. ఉందని తేలితే పొడిగా రుద్దడం ఆపేసి, ఆ పని తెలిసినవాళ్లకు అప్పగించాలి. ఏమీ లేదని తేలినా మీవారు మాస్కు కట్టుకుని పనిచేసి, బట్టలు మార్చుకుని గాని మీ దగ్గరికి రాకూడదు.

ఇప్పుడు దారులు. చాలామంది పొయ్యిని బయటికి తీసుకువెళ్లి, ఇటుకల మీద నిలబెట్టి, అయిదారు అడుగుల గొట్టం తగిలించి, అక్కడే రంగు వేసి అక్కడే కాలుస్తారు. పొగంతా ఆకాశంలోకి పోతుంది, ఇల్లు ఇల్లులా ఉంటుంది. కానీ ఇటువంటి పెద్ద పొయ్యి బరువు రెండు వందల కిలోల దాకా ఉండవచ్చు. నలుగురు కావాలి. దారిలో కుదుపు తగిలితే పలకల మధ్య సిమెంటు అతుకులు పగిలి, తర్వాత ఆ సందుల్లో నుంచి గాలి లాగుతుంది. పైగా రంగు పట్టాలంటే గాలి 60 డిగ్రీల ఫారన్‌హీటు అయినా ఉండాలి. వెర్మాంట్‌లో అక్టోబరు ఎంత చల్లగా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎండుటాకులు చుట్టూ పడి ఉన్న పెరట్లో మంట వేయడం మరో చిక్కు. ఇది జూన్ నెల పని.

ఉన్నచోటే ఉంచి, మీరు నాలుగు రోజులు స్నేహితురాలి ఇంట్లో ఉంటే? చేయవచ్చు. స్ప్రే చేసేటప్పుడు ఆ ఆవిరికి మంట అంటుకునే గుణం ఉంటుంది కాబట్టి ఫర్నేసు, గ్యాసు గీజరు, ఎక్కడ నిప్పు ఉంటే అక్కడ ఆపేయాలి. స్ప్రేకు బదులు బ్రష్షుతో వేసే రకం తీసుకుంటే గాలిలో తుంపర ఉండదు. పలచగా రెండు పూతలు చాలు, మందంగా వేస్తే పొక్కులు లేస్తాయి. కిటికీలన్నీ తెరిచి మూడు మంటలూ పూర్తి చేసి, నాలుగో రోజు ఒక పెద్ద మంట వేసి, వాసన రాలేదని మీవారు కాక బయటి మనిషి ఒకరు చెప్పాక మీరు తిరిగి రావాలి. ఇంట్లో ఉన్నవారి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. డిసెంబరులోపు పొయ్యికి కొత్త రంగు పడాలంటే ఉన్న దారి ఇదొక్కటే. నాలుగు రోజుల్లో ఏదైనా తేడా వస్తే ఎనిమిది రోజులవుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

పక్కింటి పెద్దాయన చెప్పిన పాలిష్ తప్పు మాట కాదు. ఒక్క మధ్యాహ్నం పని, ఖర్చు కొద్ది. మొదటి మంటలో కాస్త వాసన వస్తుంది, కాబట్టి అప్పుడూ మీరు బయటే. కానీ పాలిష్ అంటే మళ్లీ గ్రాఫైటు. ఎప్పుడో రంగు వేయాలనుకుంటే ఈ తెల్లగుడ్డల పనంతా మొదటికి వస్తుంది. సరిగ్గా మెరుగు పెట్టకపోతే తాకినవాళ్ల చేతికి అంటుతుంది. వచ్చే ఏడాది ఈపాటికి మీ ఇంట్లో పాకే బిడ్డ ఉంటుంది. పొయ్యి చుట్టూ కంచె ఎటూ కట్టాలనుకోండి.

నేనైతే మొగ్గేది ఇంకో దారి వైపు. పాత రంగును దింపేసి, పొయ్యిని ఈ చలికాలమంతా బోడి ఇనుముగానే వదిలేయడం. పూత లేకపోతే ఏమవుతుందోనని అందరికీ భయం. వేడిగా, పొడిగా ఉండే ఇంట్లో పెద్దగా ఏమీ కాదు. కెటిలు నీళ్లు చిందినచోట తుప్పు వలయాలు పడతాయి. జూన్‌లో వాటిని రుద్దేసి, పొయ్యిని బయటికి తీసి, తీరిగ్గా రంగు వేసుకోవచ్చు. అప్పటికి మీ బాలింతరాలి రోజులు గడిచి ఉంటాయి, కిటికీలు తెరుచుకునే కాలం అవుతుంది. దీనికి మీరు చెల్లించే మూల్యం ఒకటే: అత్తగారు చూసే పొయ్యి బూడిదరంగులో, మచ్చలతో ఉంటుంది.

ఆవిడ చూడగానే అనే మాట కూడా నేను ఊహించగలను. "దోశ పెనానికి రాసినట్టు కాస్త నూనె రాయకూడదూ?" అంటారు. పెనానికి అది నిజంగా మంచి మందు. పొయ్యి ఒంటికి మాత్రం వద్దు. ఆ వేడికి నూనె పొగలు కక్కుతుంది, ఇనుము గరుకులోకి ఇంకి జూన్‌లో వేయబోయే రంగును నిలవనివ్వదు. ఆవిడకు పెనం ఇచ్చి దోశలు పోయమనండి, పొయ్యిని వదిలేయమనండి.

పొయ్యిని పంపించేయడం గురించి. అది మీ ఇల్లు, మీ ఇష్టం. అమెరికా పర్యావరణ సంస్థ కట్టెల పొయ్యిల పొగకు 1988లో మొదటిసారి హద్దులు పెట్టింది. 2020 నుంచి కొత్త పొయ్యిలకు గంటకు రెండు గ్రాముల పొగ రేణువుల స్థాయిలో హద్దు ఉంది. మీది 1988 కన్నా ముందుదైతే కొత్త పొయ్యి కన్నా ఎక్కువ పొగ వదులుతుంది, అందులో సందేహం లేదు. మార్చాలనుకోవడానికి అది సరైన కారణం. రంగు ఊడటం కాదు. నిర్ణయం పురుడయ్యాక తీసుకోండి. ఈలోగా ఒకటి మరిచిపోకండి: మీ ఆయిల్ ఫర్నేసుకు కరెంటు కావాలి, కట్టెల పొయ్యికి అక్కర్లేదు. ఫిబ్రవరిలో పసిబిడ్డతో ఉన్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. పొగగొట్టాన్ని మాత్రం ఈ నెలలోనే శుభ్రం చేయించి చూపించండి. ఆ పని ఏటా జరగాలి.

ఇక మీవారు. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మీరు ఇంట్లో లేని రెండు రోజులు చూసి ఆయన రంగు కొట్టారు. మీరు దాన్ని మీకు తెలియకుండా చేసిన పనిగా రాశారు. నాకు ఇంకోలా కనిపించింది. స్ప్రే వాసన మీకు తగలకూడదని ఆయన ఆ రోజులు ఎంచుకుని ఉండవచ్చు. అసలు వాసన డబ్బా నొక్కినప్పుడు కాదు, మొదటి మంటకు వస్తుందని ఆయనకు తెలియదు. చెప్పేవాళ్లు లేరు. ఆ సాయంత్రం మీరు చలిలో వరండాలో నిలబడి ఉంటే లోపల కిటికీలు తెరుస్తూ ఆయన ఎంత వణికి ఉంటారో. ఆ తర్వాత అద్దె ఇంటి మాట పడింది. తల్లి వస్తుందని, బిడ్డ పుడుతుందని పొయ్యిని అలికి పెట్టుకోవాలనుకున్న మనిషికి ఆ మాట ఎక్కడ తగిలిందో మీకే తెలుసు. మీ భయమూ న్యాయమే. ఆ భయంతోనే అన్నానని ఆయనకు చెప్పారా?

2000 డబ్బా వద్దని వాదించకండి, అంకెలూ చెప్పకండి. మీరు పంపిన పెచ్చును ఇదే కవరులో తిరిగి పంపుతున్నాను. ఒక తెల్లకాగితంతో కలిపి ఆయన చేతికి ఇవ్వండి. తిప్పి, వెనకవైపుతో ఒక గీత గీయమనండి.